ప్లాస్మా డెస్క్‌టాప్: పని తేలికయ్యే మార్గాలు

కంప్యూటరు తెరవగానే కంటికి కనిపించే కింది పట్టీ, మెనూ, విండోలు, ఫోల్డర్లు, మూలన ఉండే గడియారం, ఇవన్నీ కలిస్తే డెస్క్‌టాప్. విండోస్‌లోనూ మాక్‌లోనూ అది ఆపరేటింగ్ సిస్టంలో భాగంగానే వస్తుంది. దాన్ని తీసేసి మరొకటి పెట్టుకునే ఏర్పాటు అక్కడ ఉండదు. లినక్స్ అనే స్వేచ్ఛా ఆపరేటింగ్ సిస్టంలో డెస్క్‌టాప్ వేరే సాఫ్ట్‌వేరు. గ్నోమ్, సినమన్, ఎక్స్‌ఎఫ్‌సీఈ, ప్లాస్మా ఇలా ఎన్నో ఉన్నాయి, ఎవరికి నచ్చింది వారు పెట్టుకోవచ్చు. వీటన్నిటిలో, పనిచేసే మనిషి అలవాట్లకు తగ్గట్టు మలుచుకోవడానికి ఎక్కువ చోటిచ్చేది ప్లాస్మా. దీన్ని తయారుచేసేది కేడీఈ అనే స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ సముదాయం. సోర్సు కోడు అందరికీ అందుబాటులో ఉంటుంది. వాడుకోవడానికి రుసుము లేదు.

కేడీఈ చరిత్ర 1996 అక్టోబరు 14న మొదలైంది. జర్మనీలోని ట్యూబింగెన్ విశ్వవిద్యాలయ విద్యార్థి మథియాస్ ఎట్రిష్ ఆ రోజు యూజ్‌నెట్ అనే ఇంటర్నెట్ చర్చా వేదికలో ఒక ప్రకటన పెట్టాడు. అప్పటి యూనిక్స్ కంప్యూటర్లలో ఒక్కో ప్రోగ్రాముది ఒక్కో రూపం, ఒక్కో పద్ధతి. మామూలు మనుషులు వాడుకోవాలంటే అన్నిటికీ ఒకే పోలిక ఉండాలని, అలాంటి డెస్క్‌టాప్ కట్టడానికి తోడు రమ్మని ప్రోగ్రామర్లను పిలిచాడు. 1998 జులైలో మొదటి వెర్షన్ వచ్చింది. 2008 జనవరిలో నాలుగో తరంతో ప్లాస్మా పేరు వాడుకలోకి వచ్చింది. 2014లో ప్లాస్మా 5, 2024 ఫిబ్రవరి 28న ప్లాస్మా 6 విడుదలయ్యాయి. ఈ సముదాయం పని డెస్క్‌టాప్ దగ్గరే ఆగలేదు. కేడీఈ బ్రౌజరు కోసం రాసిన కేహెచ్‌టీఎంఎల్ అనే కోడును ఆధారం చేసుకుని యాపిల్ సంస్థ 2003లో సఫారీ బ్రౌజరును తెచ్చింది. గూగుల్ క్రోమ్ ఇంజను కూడా ఆ వంశంలోదే. 2022లో వచ్చిన స్టీమ్ డెక్ అనే చేతి గేమింగ్ కంప్యూటరులో డెస్క్‌టాప్‌గా పనిచేసేదీ ప్లాస్మాయే.

ప్లాస్మాలో పని వేగం పెంచే సదుపాయాలు వందల్లో ఉన్నాయి. వాటన్నిటినీ కంఠస్థం చేయనక్కర్లేదు. రోజంతా కంప్యూటరు ముందు కూర్చునే వారి సమయం ఎక్కువగా చిల్లర పనుల్లోనే కరిగిపోతుంది. కావలసిన ప్రోగ్రాము కోసం మెనూలో వెతకడం, పదిహేను విండోల్లో ఒకదాన్ని పట్టుకోవడం, ఇందాక కాపీ చేసిన వాక్యం కోసం మళ్లీ వెనక్కి పోవడం, ఫోనులోని ఫొటో ఎక్కించడానికి కేబులు కోసం సొరుగులన్నీ తీయడం. ఒక్కొక్కటీ కొన్ని సెకన్ల పనే. కానీ పోయేది ఆ సెకన్లు మాత్రమే కాదు, ప్రతిసారీ మనసు అసలు పని మీంచి పక్కకు మళ్లుతుంది. కాబట్టి ఏ చిన్న పని రోజులో ఎక్కువసార్లు చేయాల్సి వస్తోందో గమనించి, ముందుగా దాన్ని తేలిక చేసుకోవడమే అసలు సూత్రం. ప్రోగ్రాములు తెరవడం, విండోలు సర్దడం, కాపీ చేసినవి దాచుకోవడం, ఫైళ్లు చక్కబెట్టడం, ఫోనును కలపడం, తెలుగు టైపు చేయడం, ఈ వరసలో ప్లాస్మా ఇచ్చే సాయాన్ని పరిశీలించవచ్చు.

మొదటిది ప్రోగ్రాములు తెరవడం. దానికి ముందుగా ఒక కీ పేరు తెలియాలి. కీబోర్డు కింది వరసలో కంట్రోల్, ఆల్ట్ కీలకు దగ్గరగా, చాలా కీబోర్డుల మీద విండోస్ గుర్తుతో ఉండే కీని లినక్స్‌లో మెటా అంటారు. దాన్ని ఒక్కసారి నొక్కితే ప్రోగ్రాముల మెనూ తెరుచుకుంటుంది. వెంటనే ప్రోగ్రాము పేరులో రెండు మూడు అక్షరాలు టైపు చేసి ఎంటర్ కొడితే అది మొదలవుతుంది, మౌస్ ముట్టుకోనక్కర్లేదు. కింది పట్టీలో వరసగా ఉన్న ప్రోగ్రాములకైతే మెటాతో పాటు అంకె చాలు. మెటా, 1 నొక్కితే మొదటిది, మెటా, 2 నొక్కితే రెండోది ముందుకు వస్తుంది. రోజూ వాడే నాలుగైదు ప్రోగ్రాములను పట్టీలో ఎప్పుడూ ఒకే వరసలో ఉండేలా స్థిరంగా పెట్టుకుంటే వారంలో ఆ అంకెలు చేతికి అలవాటవుతాయి.

ఇంతకంటే చురుకైన సాధనం కేరన్నర్. ఆల్ట్, స్పేస్ కలిపి నొక్కగానే తెర పైభాగాన చిన్న పెట్టె ఒకటి వస్తుంది. అందులో ప్రోగ్రాము పేరు టైపు చేస్తే ప్రోగ్రాము, ఫైలు పేరు టైపు చేస్తే ఫైలు, సెట్టింగు పేరు టైపు చేస్తే సెట్టింగు దొరుకుతాయి. అది లెక్కలు కూడా చేస్తుంది. నెలకు 18,450 రూపాయల చొప్పున ఏడాదికి ఎంతవుతుందో తెలియాలంటే కాలిక్యులేటరు తెరవనక్కర్లేదు. 18450, గుణకారానికి నక్షత్రం గుర్తు, 12 అని కొట్టేసరికి 2,21,400 అని జవాబు అక్కడే కనిపిస్తుంది, ఎంటర్ కొట్టేలోపే. కొలతల మార్పిడి కూడా అంతే. రెండున్నర ఎకరాలు ఎన్ని హెక్టార్లని ఇంగ్లీషు అక్షరాల్లో అడిగితే ఒక హెక్టారుకు కాస్త ఎక్కువని చెబుతుంది. డబ్ల్యూ, పి అనే రెండు అక్షరాలు కొట్టి, కోలన్ పెట్టి, ఏదైనా మాట రాస్తే బ్రౌజరు తెరుచుకుని వికీపీడియాలో ఆ మాట కోసం వెతుకుతుంది. ఇలాంటి పొట్టి పేర్లను సెట్టింగుల్లో సొంతంగా కూడా చేర్చుకోవచ్చు. తెలుగు వికీపీడియాకు ఒకటి, విక్షనరీకి ఒకటి పెట్టుకుంటే రాసేవారికీ అనువాదకులకూ మాట వెతకడం రెండు క్షణాల పని.

రెండోది విండోల సర్దుబాటు. ఇంగ్లీషు నివేదిక ఒక పక్క పెట్టుకుని తెలుగులో రాసే అనువాదకురాలి పని చూస్తే దీని అవసరం తెలుస్తుంది. రెండు విండోలూ ఒకదాని మీద ఒకటి ఉంటే ప్రతి వాక్యానికీ ఇటు అటు మారాలి. మూల వాక్యం చదివి, విండో మార్చి, రాయడం మొదలుపెట్టేలోపు అందులోని అంకె మరిచిపోయి మళ్లీ వెనక్కి వెళ్లాల్సి వస్తుంది. ప్లాస్మాలో ఇంగ్లీషు విండో మీద ఉండగా మెటాతో పాటు ఎడమ బాణం నొక్కితే అది తెరలో ఎడమ సగానికి అతుక్కుంటుంది. తెలుగు విండోలో ఉండి మెటాతో కుడి బాణం నొక్కితే అది కుడి సగంలో కూర్చుంటుంది. ఇక కన్ను మారితే చాలు. రెండిటి మధ్య గీతను మౌస్‌తో జరిపితే ఒకటి పెరిగినంత మేర రెండోది తగ్గుతుంది. మెటాతో ఎడమ బాణం, ఆ వెంటనే పై బాణం నొక్కితే విండో తెరలో పావు భాగమే తీసుకుని ఎడమ పై మూలలో ఉంటుంది. అలా నాలుగు విండోలను నాలుగు మూలల్లో పెట్టుకోవచ్చు.

పెద్ద తెర ఉన్నవారికి సగాలు, పావులు చాలకపోవచ్చు. వారి కోసం 2023 ఫిబ్రవరిలో వచ్చిన ప్లాస్మా 5.27లో టైళ్ల ఏర్పాటు చేర్చారు. మెటాతో టి నొక్కితే తెరను కావలసిన గళ్లుగా గీసుకునే చోటు తెరుచుకుంటుంది. మధ్యలో వెడల్పాటి గడి, రెండు పక్కలా సన్నటి గళ్లు, ఇలా ఎవరి పనికి తగ్గట్టు వారు గీసుకోవచ్చు. ఆ తర్వాత షిఫ్ట్ కీ పట్టుకుని విండోను లాగితే అది దగ్గర్లో ఉన్న గడిలో ఒదిగిపోతుంది. విండోను జరపడానికి దాని పై అంచునే పట్టుకోవాలన్న నియమం కూడా ప్లాస్మాలో లేదు. మెటా కీ నొక్కి ఉంచి, విండోలో ఎక్కడైనా ఎడమ బటన్‌తో పట్టుకుని లాగితే జరుగుతుంది, కుడి బటన్‌తో లాగితే దాని కొలత మారుతుంది. చిన్న తెర ల్యాప్‌టాప్‌లో విండో పై అంచు తెర దాటి పోయినప్పుడు ఈ ఒక్క కిటుకు ఎంతో ఆదుకుంటుంది.

విండోలు పదికి మించితే పక్కపక్కన సర్దడం కుదరదు. అప్పుడు వర్చువల్ డెస్క్‌టాప్‌లు కావాలి. ఇల్లంతటికీ ఒకే గది ఉంటే వంట, చదువు, నిద్ర అన్నీ అక్కడే సాగాలి. గదులు వేరైతే దేని చోటు దానికి ఉంటుంది. వర్చువల్ డెస్క్‌టాప్ అంటే అలాంటి మరో గది. ఒకదానిలో ఉత్తరాలు, మెయిలు, రెండోదానిలో రాస్తున్న వ్యాసం, మూడోదానిలో లెక్కలు పెట్టుకోవచ్చు. మెటాతో డబ్ల్యూ నొక్కితే తెరిచి ఉన్న విండోలన్నీ, డెస్క్‌టాప్‌లన్నీ చిన్న బొమ్మలుగా ఒక్క చూపులో కనిపిస్తాయి. కొత్త డెస్క్‌టాప్‌ను అక్కడే చేర్చుకోవచ్చు, విండోను ఒకదానిలోంచి మరొకదానిలోకి లాగి వేయవచ్చు. మొదటి నాలుగింటికి నేరుగా వెళ్లడానికి కంట్రోల్‌తో ఎఫ్1, ఎఫ్2, ఎఫ్3, ఎఫ్4 కీలు ఉన్నాయి. పక్క డెస్క్‌టాప్‌కు జరగాలంటే మెటా, కంట్రోల్ రెండూ పట్టుకుని బాణం కీ నొక్కాలి. వాటికి షిఫ్ట్ కూడా కలిపితే ఎదుట ఉన్న విండో కూడా వెంట వస్తుంది.

యాక్టివిటీలు దీని తర్వాతి మెట్టు. వర్చువల్ డెస్క్‌టాప్ విండోలను వేరుచేస్తే, యాక్టివిటీ మొత్తం పరిసరాన్నే వేరుచేస్తుంది. ఒక్కో యాక్టివిటీకి దాని సొంత వాల్‌పేపరు, సొంత విడ్జెట్లు, ఈ మధ్య తెరిచిన ఫైళ్ల సొంత పట్టిక ఉంటాయి. పగలు ఉద్యోగం, రాత్రి పోటీ పరీక్షల చదువు ఒకే ల్యాప్‌టాప్‌లో సాగించేవారికి ఇది బాగా పనికొస్తుంది. చదువుకునే యాక్టివిటీలోకి మారితే ఆఫీసు ఫైళ్లు కంటికి కనపడవు. మెటాతో క్యూ నొక్కితే యాక్టివిటీల జాబితా వస్తుంది. అయితే ఇది అందరికీ అవసరమైనది కాదు. రెండు మూడు వర్చువల్ డెస్క్‌టాప్‌లతో పని గడిచేవారు దీని జోలికి పోకపోయినా నష్టం లేదు.

మూడోది క్లిప్‌బోర్డు. కాపీ చేసినది ఒక్కటే గుర్తుంటుందని, మరొకటి కాపీ చేయగానే మొదటిది పోతుందని చాలామంది అనుకుంటారు. ప్లాస్మాలో క్లిప్పర్ అనే సాధనం కాపీ చేసినవాటినన్నిటినీ వరసగా దాచి ఉంచుతుంది. మెటాతో వి నొక్కితే ఆ జాబితా కర్సరు దగ్గరే తెరుచుకుంటుంది. ఒక దరఖాస్తు నింపడానికి వేరే కాగితంలోంచి పేరు, చిరునామా, పిన్‌కోడు, ఖాతా సంఖ్య తీసుకోవాలనుకుంటే, నాలుగు సార్లు ఇటు అటు తిరగనక్కర్లేదు. నాలుగూ వరసగా కాపీ చేసి, దరఖాస్తు దగ్గర కూర్చుని ఒక్కొక్కటే జాబితాలోంచి తీసి అతికించవచ్చు. ఎన్ని దాచాలో సెట్టింగుల్లో పెంచుకోవచ్చు, తగ్గించుకోవచ్చు. ఇక్కడ ఒక జాగ్రత్త అవసరం. బ్యాంకు పాస్‌వర్డు కాపీ చేస్తే అది కూడా ఆ జాబితాలో నిలిచిపోయే ప్రమాదం ఉంది. పాస్‌వర్డులను కీపాస్‌ఎక్స్‌సీ వంటి ప్రోగ్రాములోంచి కాపీ చేస్తే, అది గుట్టు సమాచారమని ఆ ప్రోగ్రామే క్లిప్పర్‌కు చెబుతుంది కాబట్టి జాబితాలో చేరదు. నలుగురూ వాడే కంప్యూటరులో పని ముగించి లేచేముందు జాబితాను ఖాళీ చేయడం మంచి అలవాటు. కాసేపు లేచి వెళ్లేటప్పుడు మెటాతో ఎల్ నొక్కి తెరకు తాళం వేయడం కూడా అలాంటిదే.

కాపీ అనే ఆజ్ఞ లేకుండానే కాపీ చేసే పాత యూనిక్స్ పద్ధతి కూడా ఇక్కడ ఉంది. ఏ వాక్యాన్నయినా మౌస్‌తో గుర్తించి, మరో చోట మౌస్ మధ్య బటన్ నొక్కితే ఆ వాక్యం అక్కడ అతుకుతుంది. ఇది క్లిప్‌బోర్డులో ఉన్నదాన్ని చెరపదు. అంటే ఒకే సమయంలో రెండు ముక్కలు చేతిలో ఉన్నట్టే.

నాలుగోది ఫైళ్ల పని. ప్లాస్మాలో ఫైళ్లు చూపే ప్రోగ్రాము పేరు డాల్ఫిన్. మెటాతో ఇ నొక్కితే తెరుచుకుంటుంది. అందులో ఎఫ్3 నొక్కగానే విండో నిలువునా రెండుగా చీలుతుంది. ఎడమన ఒక ఫోల్డరు, కుడిన మరో ఫోల్డరు పెట్టుకుని ఫైళ్లను ఇందులోంచి అందులోకి వేయవచ్చు. పెన్‌డ్రైవ్‌లోకి ఎక్కించేటప్పుడు రెండు విండోలు తెరిచి తడుముకునే అవసరం తీరుతుంది. కంట్రోల్‌తో ఐ నొక్కితే అడుగున ఒక పట్టీ వస్తుంది. ఫైలు పేరులో గుర్తున్న ముక్క అందులో టైపు చేస్తే ఆ ముక్క ఉన్న ఫైళ్లు మాత్రమే మిగిలి, తక్కినవి తాత్కాలికంగా దాగుతాయి. వందల బిల్లులున్న ఫోల్డరులో మార్చి నెలవి మాత్రమే చూడాలంటే ఇదే దగ్గరి దారి. కమాండ్లు తెలిసినవారు ఎఫ్4 నొక్కితే అదే విండో కింద టెర్మినల్ తెరుచుకుంటుంది. ఫోల్డరు మారినప్పుడల్లా టెర్మినల్ కూడా దాని వెంటే ఆ ఫోల్డరులోకి మారుతుంది.

డాల్ఫిన్ చేసే పనుల్లో ఎక్కువ సమయం మిగిల్చేది పేర్లు మార్చడం. ఒక ఫొటో స్టూడియోలో పెళ్లి ఫొటోలు 240 ఉన్నాయనుకుంటే, కెమెరా ఇచ్చిన పేర్లు అక్షరాలూ అంకెలూ కలగలిసి ఏది ఏమిటో తెలియకుండా ఉంటాయి. ఒక్కొక్కటీ మార్చాలంటే పూట గడిచిపోతుంది. డాల్ఫిన్‌లో ముందుగా వాటిని తీసిన సమయం వరసలో పెట్టాలి. తర్వాత కంట్రోల్‌తో ఎ నొక్కి అన్నిటినీ ఎంచుకోవాలి. ఎఫ్2 నొక్కితే కొత్త పేరు అడిగే పెట్టె వస్తుంది. అందులో ముహూర్తం అని తెలుగులోనే రాసి, ఒక ఖాళీ వదిలి, హ్యాష్ గుర్తు మూడుసార్లు కొట్టాలి. ఆ గుర్తులున్న చోట అంకెలు పడతాయి. మూడు గుర్తులకు మూడు స్థానాలు కాబట్టి మొదటి ఫొటో ముహూర్తం 001, చివరిది ముహూర్తం 240 అవుతాయి. ఏ అంకెతో మొదలుపెట్టాలో కూడా అక్కడే చెప్పవచ్చు. చివర ఉండే జేపీజీ వంటి గుర్తులు చెక్కుచెదరవు. పొరపాటు జరిగిందనిపిస్తే కంట్రోల్‌తో జడ్ నొక్కగానే పాత పేర్లు తిరిగి వస్తాయి. ఇదంతా నిమిషంలోపు పని, విడిగా ఏ ప్రోగ్రామూ కొనక్కర్లేదు.

తెర బొమ్మ తీసి పంపాల్సిన అవసరం ఇప్పుడు అన్ని ఉద్యోగాల్లోనూ ఉంది. దానికి స్పెక్టకిల్ అనే ప్రోగ్రాము ఉంది. ప్రింట్ కీ నొక్కితే తెరుచుకుంటుంది. మెటా, షిఫ్ట్ పట్టుకుని ప్రింట్ నొక్కితే తెరలో కావలసిన ముక్కను మాత్రమే గీత గీసి తీసుకోవచ్చు. అదే ప్రోగ్రాములో బాణం గుర్తు వేయవచ్చు, చుట్టూ గీత గీయవచ్చు, ఖాతా సంఖ్యలూ ఫోను నంబర్లూ చదవడానికి వీల్లేకుండా మసక చేయవచ్చు. పీడీఎఫ్‌లు చదవడానికి ఉన్న ఆక్యులర్‌లో పేజీల మీద రంగు పూసుకోవచ్చు, పక్కన వ్యాఖ్యలు రాసుకోవచ్చు. తక్కువ విద్యుత్తుతో పనిచేసే సాఫ్ట్‌వేరుగా జర్మనీ ప్రభుత్వపు బ్లూ ఏంజెల్ పర్యావరణ ముద్రను 2022లో అందుకున్న మొట్టమొదటి ప్రోగ్రాము ఈ ఆక్యులరే. పాత కంప్యూటర్లు ఎక్కువకాలం పనికిరావడానికి ఈ పొదుపు కూడా ఒక కారణం.

అయిదోది ఫోను. 2013లో మొదలైన కేడీఈ కనెక్ట్ ఫోనునూ కంప్యూటరునూ కలుపుతుంది. ఆండ్రాయిడ్ ఫోనుకూ ఐఫోనుకూ దాని యాప్ దొరుకుతుంది. రెండు పరికరాలూ ఒకే వైఫైలో ఉన్నప్పుడు ఒకదాన్నొకటి గుర్తిస్తాయి. రెండు వైపులా అనుమతి ఇస్తేనే జత కుదురుతుంది, ఆ తర్వాత వాటి మధ్య నడిచే సమాచారం సంకేత రూపంలో భద్రంగా ప్రయాణిస్తుంది. ఆండ్రాయిడ్ ఫోనుతో జత కుదిరాక సదుపాయాలు ఎన్నో. ఫోనులో తీసిన ఫొటోను షేర్ మెనూలోంచి నేరుగా కంప్యూటరుకు పంపవచ్చు, కేబులు అక్కర్లేదు, తనకు తాను వాట్సాప్‌లో పంపుకోనూ అక్కర్లేదు. ఫోనుకు వచ్చే సందేశాలు కంప్యూటరు తెర మీద కనిపిస్తాయి. కంప్యూటరులో కాపీ చేసిన చిరునామాను ఫోనులో అతికించవచ్చు. ఫోను ఎక్కడ పెట్టారో గుర్తులేకపోతే కంప్యూటరులోంచే దాన్ని మోగించవచ్చు. పాఠం చెప్పే ఉపాధ్యాయుడు తరగతి గదిలో తిరుగుతూనే ఫోనుతో తెర మీది పేజీలు మార్చవచ్చు.

ఆరోది తెలుగు టైపింగు. సెట్టింగుల్లో కీబోర్డు విభాగానికి వెళ్లి, లేఅవుట్లలో ఇంగ్లీషు పక్కన తెలుగు చేర్చుకుంటే ఇన్‌స్క్రిప్ట్ పద్ధతిలో టైపు చేయవచ్చు. మెటా, ఆల్ట్ పట్టుకుని కె నొక్కితే భాష మారుతుంది. అక్కడే చాలామంది చూడకుండా దాటిపోయే సెట్టింగు ఒకటి ఉంది. భాష మార్పు కంప్యూటరంతటికీ వర్తించాలా, ప్రోగ్రాముకా, ఒక్కో విండోకా అని అది అడుగుతుంది. విండోకు అని ఎంచుకుంటే తెలుగు రాసే విండోలో తెలుగే, ఇంగ్లీషు విండోలో ఇంగ్లీషే నిలిచి ఉంటాయి. విండో మారినప్పుడల్లా భాష మార్చే బాధ ఉండదు. ఇందాకటి అనువాదకురాలి వంటి వారికి రోజు మొత్తంలో మిగిలే శ్రమ తక్కువేమీ కాదు.

ఇన్‌స్క్రిప్ట్ అలవాటు లేనివారికి ఎఫ్‌సీఐటీఎక్స్ 5 లేదా ఐబస్ అనే సాధనాలు ఉన్నాయి. వాటికి ఎం17ఎన్ అనే భాషల సంచయాన్ని జోడిస్తే తెలుగుకు ఆర్‌టీఎస్, ఐట్రాన్స్, పోతన, యాపిల్ వంటి పద్ధతులు అందుబాటులోకి వస్తాయి. వీటిలో ఆర్‌టీఎస్ అమెరికాలోని రైస్ విశ్వవిద్యాలయం పేరు మీద వచ్చింది. ఇంటర్నెట్ తొలినాళ్లలో తెలుగు మాటలను ఇంగ్లీషు అక్షరాల్లో రాసుకోవడానికి ప్రవాసాంధ్రులు దాన్ని విరివిగా వాడారు. యాపిల్ పద్ధతి డీటీపీ ఆపరేటర్ల వేళ్లకు పాత పరిచయం. ప్లాస్మా 6లో వేలాండ్ అనే కొత్త తెర వ్యవస్థ నడుస్తుంది కాబట్టి, ఎఫ్‌సీఐటీఎక్స్ 5ను సెట్టింగుల్లోని వర్చువల్ కీబోర్డు విభాగంలో ఎంచుకుంటేనే అది సరిగా పనిచేస్తుంది. ఈ ఒక్క మెట్టు తెలియక తెలుగు రావడం లేదని విసిగిపోయేవారు ఉంటారు.

పనికి అడ్డుతగిలేవాటిని ఆపడం కూడా సమయం మిగిల్చుకోవడమే. కింది పట్టీలో గంట గుర్తు మీద నొక్కితే డు నాట్ డిస్టర్బ్ కనిపిస్తుంది. దాన్ని గంటసేపో, సాయంత్రం వరకో పెట్టుకుంటే ఆలోపు వచ్చే సందేశాలు తెర మీదకు దూకవు, ఒక పక్కన పోగుపడి తర్వాత చూసుకోవడానికి ఉంటాయి. సమావేశంలో తెరను ఇతరులకు చూపుతున్నప్పుడు సందేశాలు వాటంతట అవే ఆగేలా కూడా పెట్టుకోవచ్చు. రాత్రిపూట పనిచేసేవారికి నైట్ లైట్ ఉంది. పొద్దుగుంకాక తెర రంగును అది క్రమంగా పసుపు వైపు తిప్పి కంటికి ఊరట ఇస్తుంది.

ఇప్పటివరకు చెప్పినవన్నీ ప్లాస్మాతో సిద్ధంగా వచ్చేవి. వీటిని మించినది సొంతంగా మార్చుకునే హక్కు. పైన చెప్పిన ఏ కీ అయినా చేతికి అనువుగా లేకపోతే సెట్టింగుల్లో షార్ట్‌కట్ల విభాగంలో మార్చుకోవచ్చు. ఏదైనా ప్రోగ్రాముకు గానీ కమాండుకు గానీ కొత్త కీ కలయిక ఇవ్వవచ్చు. విండో పై అంచు మీద కుడి బటన్ నొక్కితే వచ్చే మెనూలో ఆ ప్రోగ్రాముకు ప్రత్యేక నియమాలు పెట్టుకునే చోటు ఉంది. మెయిలు ఎప్పుడూ రెండో డెస్క్‌టాప్‌లోనే తెరుచుకోవాలని, నోట్సు రాసుకునే చిన్న విండో ఎప్పుడూ అన్నిటికన్నా పైనే ఉండాలని ఒక్కసారి చెబితే చాలు. ఆ తర్వాత ఆ సంగతి తలచుకోవాల్సిన పని ఉండదు.

మార్చుకునే వీలు ఇంతగా ఉన్నప్పుడు ఒక చిక్కూ ఉంటుంది. రంగులు, థీములు, విడ్జెట్లు మారుస్తూ పూటలు గడపవచ్చు. అది సరదా అవుతుంది గానీ పని కాదు. కీలు కూడా ఒకేసారి ఇరవై నేర్చుకుంటే ఒక్కటీ నిలవదు. వారానికి రెండు నేర్చుకుని, అవి ఆలోచన లేకుండా వేళ్లకు వచ్చాక మరో రెండింటికి వెళ్లడం మేలు. మొదటి వారానికి ఆల్ట్‌తో స్పేస్, మెటాతో వి సరిపోతాయి. రెండో వారం మెటాతో బాణాలు, మూడో వారం డాల్ఫిన్‌లో ఎఫ్2, ఎఫ్3 నేర్చుకోవచ్చు. మార్చిన సెట్టింగు నచ్చకపోతే వెనక్కి వెళ్లడం కష్టం కాదు. చాలా సెట్టింగుల పేజీల్లో మొదటి స్థితికి తెచ్చే డిఫాల్ట్స్ బటన్ ఉంటుంది.

ప్లాస్మాను చూడడానికి కొత్త కంప్యూటరు అక్కర్లేదు, ఉన్నదానిలో విండోస్‌ను చెరపనూ అక్కర్లేదు. కుబుంటు, ఫెడోరా కేడీఈ, ఓపెన్‌సూసే, కేడీఈ నియాన్ వంటివి ప్లాస్మాతో వస్తాయి. వీటిలో ఒకదాన్ని పెన్‌డ్రైవ్‌లోకి ఎక్కించి, దానితో కంప్యూటరును మొదలుపెడితే హార్డ్‌డిస్కును ముట్టుకోకుండానే వాడి చూడవచ్చు. విండోస్ 10కు మైక్రోసాఫ్ట్ సాధారణ మద్దతు 2025 అక్టోబరు 14తో ముగిసింది. విండోస్ 11కు అర్హత లేదని పక్కన పెట్టిన కంప్యూటర్లు ఇళ్లలో, బడుల్లో, చిన్న కార్యాలయాల్లో ఎన్నో ఉన్నాయి. వాటిలో చాలావాటికి ప్లాస్మాతో మరికొన్నేళ్ల ఆయుష్షు పోయవచ్చు.

స్వేచ్ఛా సాఫ్ట్‌వేరులో వాడేవారికీ తయారుచేసేవారికీ మధ్య గోడ లేదు. లోపం కనిపిస్తే నేరుగా కేడీఈకి తెలియజేయవచ్చు. ప్లాస్మాను తెలుగులో వాడాలనుకుంటే సెట్టింగుల్లో ఆ భాషను ఎంచుకోవచ్చు గానీ, అనువాదం ఇంకా పూర్తి కాలేదు కాబట్టి కొన్ని మాటలు తెలుగులో, కొన్ని ఇంగ్లీషులో కనిపిస్తాయి. ఆ వెలితిని తీర్చడానికి ప్రోగ్రామింగు రానక్కర్లేదు, తెలుగు బాగా వచ్చి, కంప్యూటరు వాడే అలవాటుంటే చాలు. ప్లాస్మా వల్ల రోజుకు పది నిమిషాలు మిగుల్చుకున్న తెలుగువారు, అందులో వారానికి ఒక్కరోజు మిగిలిన పది నిమిషాలను ఆ అనువాదానికి ఇస్తే, రేపు మొదటిసారి కంప్యూటరు తెరిచే పల్లెటూరి విద్యార్థికి మెనూ మొత్తం తన భాషలోనే కనిపిస్తుంది. తెలుగు చదివి రాయగలవారందరూ ఆ పనిలో ఒక చెయ్యి వేయాలి.